ఎండ పడే హాలుకు, రోజంతా వార్తలు నడిచే ఇంటికి ఓఎల్ఈడీ టీవీ తగునా?

ప్రశ్న (విశాఖ ఎంవీపీ కాలనీ నివాసి):
మాది తూర్పు ముఖం ఫ్లాటు కావడంతో ఉదయపు ఎండ నేరుగా హాలులోకి వస్తుంది. నాన్నగారు తెల్లవారింది మొదలు మధ్యాహ్న భోజనం వరకు ఒకే తెలుగు వార్తా చానెల్ చూస్తారు. మేము రాత్రిపూట దీపాలు ఆర్పి సినిమాలు చూస్తాం. పాత ఎల్ఈడీ టీవీ స్థానంలో 55 అంగుళాల ఓఎల్ఈడీ కొనాలనుకుంటున్నాం. తెర మీద మరకలు నిలిచిపోతాయని, సముద్రపు గాలికి త్వరగా పాడవుతుందని కొందరు భయపెడుతున్నారు. ఇందులో నిజమెంతో తెలిసినవారు చెప్పగలరు.

సమాధానం 1 (సీతమ్మధార):
మీ రాత్రి సినిమాలకు దీనిని మించినది లేదు. మామూలు ఎల్ఈడీ టీవీలో వెనుక దీపం ఒకటి వెలుగుతూ ఉంటే, ముందున్న ద్రవ స్ఫటికాల పొర ఆ కాంతిని అడ్డుకోవడానికి ప్రయత్నిస్తుంది కానీ పూర్తిగా అడ్డుకోలేదు. ఓఎల్ఈడీలో వెనుక దీపమే ఉండదు. ప్రతి పిక్సెల్ (తెర మీది చిన్న చుక్క) తానే వెలుగుతుంది, నలుపు కావలసిన చోట పూర్తిగా ఆరిపోతుంది. అందుకే చీకటి సన్నివేశంలో నలుపు బూడిద రంగులోకి దిగదు, పక్కన కూర్చున్నవారికీ రంగులు మారవు. కొడాక్ సంస్థలో చింగ్ టాంగ్, స్టీవెన్ వాన్ స్లైక్ 1987లో ప్రకటించిన పరిశోధనతో ఈ సాంకేతికత ఆచరణయోగ్యమైంది, కానీ 2007లో సోనీ తెచ్చిన తొలి ఓఎల్ఈడీ టీవీ తెర 11 అంగుళాలే. పెద్ద తెరలను తయారుచేయడం అంత కష్టమైంది కాబట్టే ధర నేటికీ ఎక్కువగా ఉంది. 2025 సెప్టెంబరు 22 నుండి 32 అంగుళాలకు మించిన టీవీలపై జీఎస్టీ 28 నుండి 18 శాతానికి తగ్గడం మాత్రం కొంత ఊరట.

సమాధానం 2 (గాజువాక):
పై మిత్రుడు రాత్రి సంగతే చెప్పారు. మీ ఇంట్లో చిక్కంతా పగటితోనే. తెర మొత్తం తెల్లగా వెలగవలసి వస్తే ఓఎల్ఈడీ తన ప్రకాశాన్ని తానే తగ్గించుకుంటుంది కనుక ఎండ పడే గదిలో మినీ ఎల్ఈడీ (తెర వెనుక ఎన్నో చిన్న చిన్న దీపాలుండే ఎల్ఈడీ టీవీ) మెరుగు. ఓఎల్ఈడీయే కావాలంటే రకం చూసి తీసుకోండి: 2022లో వచ్చిన క్వాంటమ్ డాట్ (రంగులు పుట్టించే అతి సూక్ష్మ కణాలు) రకంలో రంగులు అద్భుతమే అయినా, వెలుతురు పడితే దాని నలుపు కాస్త ఊదా ఛాయలోకి తేలుతుంది.

మరకల భయం వట్టిది కాదు. ఓఎల్ఈడీ పిక్సెళ్లలో వెలిగే సేంద్రియ (కార్బన్ ఆధారిత) పదార్థం వెలిగినకొద్దీ అరుగుతుంది, అందులో నీలం మరీ త్వరగా. వార్తా చానెల్ గుర్తు, అడుగున కదలని పట్టీ ఏళ్ల తరబడి ఒకే చోట వెలిగితే అక్కడ అరుగుదల ఎక్కువై నీడ శాశ్వతంగా మిగులుతుంది. మన వార్తా చానెళ్లు తెరలో సగాన్ని పట్టీలతోనే నింపుతాయి, ఆ విషయంలో వాటికి సాటి లేదు! ఈ నష్టం వారంటీలోకి వస్తుందో రాదో కొనేముందే కాగితం మీద చూసుకోవాలి.

ఇంకొకటి, దుకాణంలో ఎవరూ చెప్పనిది. రిమోట్‌తో ఆపిన తర్వాత విద్యుత్తు అందుతూ ఉంటేనే తెర తన పిక్సెళ్ల అరుగుదలను కొలిచి సరిదిద్దుకుంటుంది. రోజూ గోడ స్విచ్ ఆపేసే ఇళ్లలో ఆ పని జరగదు.

సమాధానం 3 (లాసన్స్ బే కాలనీ):
ఉప్పుగాలి గురించి మాత్రం నిశ్చింతగా ఉండండి. తేమ తగిలితే సేంద్రియ పొరలు పాడవుతాయన్నది నిజమే కాబట్టే, తయారీలోనే వాటిని గాలి చొరబడకుండా మూసివేస్తారు. ఉప్పుగాలి తినేది లోపలి సర్క్యూట్ బోర్డులను, కనెక్టర్లను. అది ఏ రకం టీవీకైనా తప్పదు. కిటికీ పక్క గోడకు బిగించకండి.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ ధన్యవాదాలు. నాన్నగారు రాత్రి గోడ స్విచ్ ఆపనిదే నిద్రపోరు. ఉరుములప్పుడు ప్లగ్ తీస్తే ప్రమాదమా?

సమాధానం 2 (గాజువాక):
ఉరుములప్పుడు తీయవలసిందేనండి, అప్పుడప్పుడు ఒక రాత్రి సవరణ తప్పితే నష్టం లేదు. వీలైతే పాత టీవీని అమ్మకుండా నాన్నగారి గదిలో పెట్టి, వార్తలు దానిలో చూడమనండి. అందుకు ఆయన ఒప్పుకోకపోతే మినీ ఎల్ఈడీయే తీసుకోండి.