గజ్జి క్రీమ్ రాశాక కూడా దురద తగ్గలేదు, మళ్లీ రాయాలా?

నిద్రపట్టని: గజ్జి అని డాక్టర్ 5 శాతం పర్మెత్రిన్ క్రీమ్ ఇచ్చారు. రాత్రి రాసుకుని పొద్దున కడిగేశాను. దురద మాత్రం అలాగే ఉంది, పక్క ఎక్కితే మరీ ఎక్కువ. రోజూ రాసుకోవచ్చా?

మందులషాపు: రోజూ వద్దండి. పురుగు చచ్చినా దాని అవశేషాలు చర్మంలోనే ఉంటాయి. వాటి ఎలర్జీతో దురద రెండు నుంచి నాలుగు వారాలు ఉండటం మామూలే. ఇదే తెలియక చాలామంది ట్యూబు మీద ట్యూబు కొంటారు. చర్మం ఎండి మండుతుంది, దాన్నీ గజ్జే అనుకుని ఇంకాస్త రాస్తారు! రెండోసారి డాక్టర్ చెప్పిన రోజున రాయండి, మామూలుగా వారానికి చెప్తారు. కొత్త పొక్కులు వస్తున్నాయా లేదా అన్నదే చూసుకోవాలి.

ఇద్దరుపిల్లలఅమ్మ: దురద ఉన్నచోటే రాస్తే లాభం లేదు. మెడ నుంచి అరికాళ్ల దాకా పట్టించాలి. వేళ్ల సందులు, మణికట్లు, చంకలు, బొడ్డు, మర్మాంగాలు, ఏదీ వదలకూడదు. గోళ్లు కత్తిరించి వాటి కింద కూడా. 8 నుంచి 14 గంటలు ఉంచాలి, మధ్యలో చేతులు కడిగితే చేతులకు మళ్లీ రాయాలి. మా చిన్నది వేళ్లు చీకుతుంది, అందుకని చేతులకు సాక్సులు తొడిగి పడుకోబెట్టాను. పళ్లతో ఒకటి పీకేసింది, మళ్లీ తొడిగాను.

నిద్రపట్టని: మా ఆయనకి దురదే లేదు. నాకెందుకు అంటున్నారు.

రూమ్మేట్: రాసుకోవాల్సిందే అక్కా. మొదటిసారి అంటుకున్నప్పుడు దురద మొదలవడానికే నాలుగు నుంచి ఆరు వారాలు పట్టొచ్చు. మా రూములో ఒకడు ఇలాగే తప్పించుకున్నాడు, అందరికీ తిరగబెట్టింది. ఇంట్లో అందరూ ఒకే రాత్రి రాసుకోండి. దుప్పట్లు, తువ్వాళ్లు, బట్టలు వేడినీళ్లలో ఉతకండి. ఉతకలేనివి కవర్లో కట్టి వారం పక్కన పెడితే చాలు, ఒంటిని వదిలితే పురుగు రెండు మూడు రోజులకు మించి బతకదు. ఇల్లంతా మందు కొట్టే పని లేదు.

ఇద్దరుపిల్లలఅమ్మ: రెండు నెలల లోపు బిడ్డ ఉంటే మాత్రం ఈ క్రీమ్ సొంతంగా రాయొద్దు. పసిపిల్లలకి, ముసలివాళ్లకి తలకు కూడా రాయమంటారు, కళ్లు, నోరు వదిలేసి. గర్భంతో ఉన్నవాళ్లు ముందే డాక్టర్‌కి చెప్పాలి.

మందులషాపు: వేడినీళ్ల స్నానం చేసిన వెంటనే రాయొద్దు, ఒళ్లు చల్లబడి ఆరాక రాయండి. దురదకని స్టెరాయిడ్ ఆయింట్‌మెంట్లు సొంతంగా పూసుకోవద్దు. పైకి దద్దు అణిగినట్టుంటుంది, లోపల పురుగు పెరుగుతూనే ఉంటుంది. చీము పట్టినా, నాలుగు వారాలు దాటినా తగ్గకపోయినా డాక్టర్‌కి చూపించండి.

నిద్రపట్టని: థ్యాంక్స్ అండీ. ఆయనకి ఇదంతా చదివి వినిపించాను. రాసుకుంటారట, వీపుకి నేనే రాయాలట.