‘ల్యాండ్ కవర్’కి తెలుగు మాట ఏది? అన్నిటికీ ‘బంజరు’ సరిపోతుందా?

విజయవాడ నుంచి (ప్రశ్న):
సభ్యులందరికీ నమస్కారం. డిగ్రీలో భూగోళశాస్త్రం చదివే పిల్లల కోసం ఒక పాఠం తెలుగులో తయారు చేస్తున్నాను. ప్రపంచ దేశాలన్నీ కలిసి నేలను, అడవిని, నీటిని ఒకే పద్ధతిలో ఎలా గమనిస్తున్నాయన్నది విషయం. ల్యాండ్ కవర్ (నేల మీద పైకి కనిపించేది), ల్యాండ్ యూజ్ (ఆ నేలను మనిషి దేనికి వాడుతున్నాడన్నది) అనే మాటలు ప్రతి పేజీలోనూ పక్కపక్కనే వస్తున్నాయి. రెండోదానికి భూ వినియోగం అని స్థిరపడిపోయింది. మొదటిదానికి భూ ఆచ్ఛాదన, భూ ఆవరణం, భూకవచం అని మూడు రకాలుగా చూశాను. ఇంకో ఇబ్బంది ఏమిటంటే, వేస్ట్‌ల్యాండ్, బేర్ ల్యాండ్ (పైన ఏమీ లేని నేల), ఫాలో ల్యాండ్ (సాగు ఆపిన నేల) మూడింటికీ బంజరు అనే రాస్తున్నారు. మీరైతే ఏం రాస్తారు?

గుంటూరు నుంచి:
భూ ఆచ్ఛాదన అని రాయండి అమ్మా. ఆచ్ఛాదన అంటే కప్పేదే కాబట్టి అర్థం సరిగ్గా కుదురుతుంది. ఆవరణం మాత్రం వద్దు. వాతావరణం, పర్యావరణం పక్కన ఇదొకటి చేరితే పిల్లలు తికమకపడతారు.

సంగారెడ్డి నుంచి:
మా దిక్కు నేలకు ఎన్ని పేర్లున్నాయో చూడండి. రేగడి, చల్క, దుబ్బ. తరి, ఖుష్కి. పడావు, గైరాను (ఊరి పశువులు మేసే భూమి), ఖారిజ్ ఖాతా, శిఖం (చెరువు గర్భంలోని భూమి). ఇన్ని ఉండగా మూడింటికీ బంజరు అని రాయాల్సిన అవసరం ఏముంది? కొత్త మాటలు పుట్టించకుండా వీటినే వాడితే సరిపోదా?

హైదరాబాద్ నుంచి:
సంగారెడ్డి వారి జాబితా చాలా విలువైనది. ఉపగ్రహ చిత్రాల మీద చాలా ఏళ్ళు పనిచేసినవాణ్ణి కాబట్టి కాస్త వివరంగా రాస్తాను, ఓపిగ్గా చదవండి.

ఆ జాబితాలో మాటలన్నీ ఒక జాతివి కావు. రేగడి, చల్క, దుబ్బ అన్నవి మట్టి రకాన్ని చెబుతాయి. తరి, ఖుష్కి అన్నవి నీటి వసతిని చెబుతాయి; కోస్తాలో మాగాణి, మెట్ట అంటారు. గైరాను, ఖారిజ్ ఖాతా అన్నవి రికార్డు మాటలు, ఆ భూమి ఎవరి కింద ఉందో, శిస్తు కట్టేదో కాదో చెబుతాయి. పడావు అంటే సాగు ఆపేసిన భూమి, అంటే వినియోగం. ఈ రోజు ఆ నేల మీద కంటికి ఏం కనిపిస్తోంది అన్న ఒక్క ప్రశ్నకు మాత్రం ఇవేవీ నేరుగా జవాబు చెప్పవు. ఉపగ్రహానికి కనిపించేది అదొక్కటే. పాసుపుస్తకంలో ఎవరి పేరుందో దానికి తెలియదు. అందుకే ల్యాండ్ కవర్ అనే మాటకు విడిగా ఒక చోటు కావాలి.

ప్రపంచస్థాయిలో ఈ పని ఎందుకంత కష్టమైందో కూడా పిల్లలకు చెప్పండి. వాతావరణం కొలిచేవాళ్ళు 1873లోనే వియన్నాలో కూర్చుని దేశాలన్నీ ఒకే తీరులో కొలవాలని ప్రయత్నం మొదలుపెట్టారు. సముద్రాల పరిశీలన వ్యవస్థ 1991లో, శీతోష్ణస్థితిది 1992లో ఏర్పడ్డాయి. నేలకు సంబంధించిన ప్రపంచ పరిశీలన వ్యవస్థ మాత్రం 1996లో గానీ రాలేదు. ఆహార వ్యవసాయ సంస్థ, యునెస్కో, ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమం, ప్రపంచ వాతావరణ సంస్థ, అంతర్జాతీయ వైజ్ఞానిక సంఘాల మండలి ఈ ఐదూ కలిసి దాన్ని పెట్టాయి. కార్యాలయం రోమ్‌లో ఉండేది. గాలి, నడిసముద్రం ఎవరి పట్టాలోనూ లేవు. నేలకైతే సరిహద్దులున్నాయి, యజమానులున్నారు, ప్రతి దేశానికీ పాత రెవెన్యూ లెక్కలున్నాయి. ఆ లెక్కల్లో మాటలు ఒకదానితో ఒకటి కలవవు. నా దృష్టిలో ఆలస్యానికి అసలు కారణం యంత్రాలు లేకపోవడం కాదు. నేలను చిత్రాలు తీసే ఉపగ్రహాల్లో మొదటి ల్యాండ్‌శాట్ 1972లోనే పైకి వెళ్ళింది. చిత్రాలు వచ్చాయి, వాటిలో కనిపించేదాన్ని ఏ పేరుతో పిలవాలన్నదే తేలలేదు.

అడవినే తీసుకోండి. ఆహార వ్యవసాయ సంస్థ లెక్కలో అడవి అంటే కనీసం అర హెక్టారు విస్తీర్ణం, 5 మీటర్లకు మించి ఎదిగే చెట్లు, నేల మీద 10 శాతానికి పైగా కొమ్మల నీడ ఉండాలి. పండ్ల తోటలు, ఆయిల్ పామ్ తోటలు అందులోకి రావు. 2020 నివేదిక ప్రకారం ప్రపంచంలో 406 కోట్ల హెక్టార్ల అడవి అన్నది ఈ కొలత మీద తేలిన అంకె. మన డెహ్రాడూన్‌లోని ఫారెస్ట్ సర్వే కొలత వేరు. కనీసం ఒక హెక్టారు ఉండి, 10 శాతానికి పైగా నీడ ఉంటే చాలు, భూమి ఎవరిదైనా, చెట్టు ఏదైనా లెక్కలోకి వస్తుంది. అంటే నూజివీడు మామిడి తోట, కోనసీమ కొబ్బరి తోట మన దేశపు లెక్కలో చేరతాయి, ఆహార వ్యవసాయ సంస్థ లెక్కలో చేరవు. ఈ రెండు అంకెల్నీ తెలుగులో ‘అడవుల విస్తీర్ణం’ అని ఒకే మాటతో రాస్తే చదివేవాడు మోసపోతాడు. రెండోదాన్ని నేనైతే ‘చెట్ల కప్పు’ అంటాను. అడవి అనను.

ఈ పేర్ల గొడవ తప్పించుకోవడానికి ఆహార వ్యవసాయ సంస్థ తూర్పు ఆఫ్రికా దేశాల పటాలు చేసే సమయంలో ఒక మంచి దారి వెతికింది. 2000లో దాని వివరాలు పుస్తకంగా వచ్చాయి. పేర్లతో మొదలుపెట్టకుండా ప్రశ్నలతో మొదలుపెట్టారు. ఇక్కడ మొక్కలున్నాయా, లేవా? నేల పొడిగా ఉంటుందా, నీళ్ళలో ఉంటుందా? సహజంగా ఉన్నదా, మనిషి చేసిందా? ఈ మూడు ప్రశ్నలకు జవాబు చెబితే ఎనిమిది తరగతులు వస్తాయి. ఆ తర్వాతే ఎత్తు, ఒత్తు, ఆకు రకం చూస్తారు.

ఇందులో మన తెలుగువాళ్ళకు ఆనందం కలిగించే సంగతి ఒకటుంది. మొక్కలున్నాయి, నీళ్ళలో ఉన్నాయి, మనిషి నాటాడు అన్న తరగతికి ముఖ్యమైన ఉదాహరణ వరి పొలం. అది చాలా భాషల్లో చాంతాడంత పేరుతో చెప్పాల్సిన తరగతి. మనకు మాగాణి, తరి అని ఎప్పటినుంచో ఉన్నాయి. రెవెన్యూ మాట, కంటికి కనిపించేది ఇక్కడ దాదాపు కలిసిపోయాయి. అదే వరసలో సహజంగా పెరిగినదైతే కోరింగ దగ్గరి మడ అడవి. కాబట్టి ఈ పాఠంలో మాగాణి అనే మాట ధైర్యంగా వాడండి. మెట్ట చేను కూడా అంతే.

బంజరు సంగతి వేరు. అది రంగును గానీ, మొక్కను గానీ చెప్పే మాట కాదు. శిస్తు రాని భూమి, సాగు కాని భూమి అన్న రెవెన్యూ చూపు అందులో ఉంది. నేషనల్ రిమోట్ సెన్సింగ్ సెంటర్, భూవనరుల శాఖ కలిసి తెచ్చిన 2019 అట్లాస్‌లో దేశ విస్తీర్ణంలో 16.96 శాతం, సుమారు 5.57 కోట్ల హెక్టార్లు వేస్ట్‌ల్యాండ్. రాతి గుట్టలు, ఇసుక, చౌడు నేలలతో పాటు పొదలున్న భూమి కూడా అందులో ఒక తరగతి. కడప దగ్గర లంకమల అడవుల్లో 1986లో కలివికోడి అనే అరుదైన పిట్ట మళ్ళీ కనిపించింది అలాంటి పొదల మధ్యనే. రోళ్ళపాడులో బట్టమేక పిట్ట తిరిగింది గడ్డి మైదానంలో. చెట్లు లేవు కదా అని ఆ గడ్డినీ, పొదనూ పిల్లలకు బంజరు అని నేర్పితే, అక్కడ ఏం కట్టినా నష్టం లేదని మనమే చెప్పినట్టవుతుంది. దీని గురించి నాకు గట్టి పట్టుదల ఉంది. పొద ఉంటే పొద నేల అనండి, గడ్డి ఉంటే గడ్డి నేల అనండి. ఏమీ లేకపోతే ఉత్త నేల. సాగు ఆపితే బీడు, పడావు. బంజరు అన్నది రికార్డు గురించి మాట్లాడేటప్పుడు మాత్రమే.

ఏలూరు నుంచి:
మాస్టారూ, మా వైపు దీనికి ఎదురు ఉదాహరణ ఉంది. రికార్డులో మాగాణి, ఎదురుగా చేపల చెరువు. మీరన్న మూడు ప్రశ్నలు కొల్లేటికి వేస్తే ఏమవుతుంది? 2002లో రామ్‌సర్ జాబితాలో, అంటే ప్రపంచంలోని ముఖ్యమైన చిత్తడి నేలల జాబితాలో చేరిన సరస్సు అది. 2006లో అందులోని చేపల చెరువుల గట్లు కొట్టించారు కూడా. పైనుంచి చూస్తే సరస్సైనా, చేపల చెరువైనా నీళ్ళే కదా?

హైదరాబాద్ నుంచి:
నీళ్ళే. మూడో ప్రశ్న దగ్గరే తేడా వస్తుంది, ఒకటి సహజం, ఒకటి మనిషి చేసింది. చతురస్రంగా ఉండే గట్లను బట్టి చిత్రంలో గుర్తుపడతాం. గట్టు తెగిన చోట మనిషి వెళ్ళి చూడాల్సిందే. మాగాణి గురించి మీరన్నది నిజం. అందుకే ‘దాదాపు’ అన్నాను. పాఠంలో మీ ఉదాహరణే పెడితే రెండు మాటల తేడా వెంటనే అర్థమవుతుంది. రికార్డులో మాగాణి, వినియోగం చేపల పెంపకం, ఆచ్ఛాదన నీరు.

అనంతపురం నుంచి:
నాదొక మనవి. అదే పాఠంలో ఎడారీకరణ అని వస్తుంది కదా. ఆ మాట వినగానే మా ఊళ్ళ వాళ్ళు రాజస్థాన్ ఇసుక తిన్నెలు అనుకుంటారు. వేదవతి ఒడ్డున కణేకల్లు, బొమ్మనహాళ్ వైపు ఇసుక నిజంగానే పొలాల మీదికి వస్తుంది, దాన్ని ఇసుక మేట అంటాం. జిల్లాలో మిగతా చోట్ల జరిగేది అది కాదు. పైమట్టి కొట్టుకుపోతుంది, కొన్నిచోట్ల చౌడెక్కుతుంది, సారం పోతుంది. దానికి ఎడారి అనే మాట ఎట్లా సరిపోతుంది?

హైదరాబాద్ నుంచి:
మీ అభ్యంతరం పూర్తిగా న్యాయమైనది. ఎడారీకరణ మీద 1994లో వచ్చిన అంతర్జాతీయ ఒడంబడికలో కూడా ఎడారి విస్తరించడం అనే అర్థం లేదు. పొడి ప్రాంతాల్లో వాతావరణ మార్పుల వల్ల, మనుషుల పనుల వల్ల నేల క్షీణించడం అని ఉంది. ఒడంబడిక పేరుగా ఎడారీకరణ ఉంచక తప్పదు. వివరణలో మాత్రం భూక్షీణత అని రాసి, కింద చౌడు, కోత, మేట అని మీ మాటలే వాడాలి. ఒక్కో మాట ఒక్కో కారణాన్ని చెబుతుంది, చికిత్స కూడా దాన్నిబట్టే మారుతుంది.

ఇంకో విషయం. అహ్మదాబాద్‌లోని స్పేస్ అప్లికేషన్స్ సెంటర్ 2021 అట్లాస్‌లో క్షీణించిన నేల 9.78 కోట్ల హెక్టార్లు, అంటే 29.77 శాతం. ఇందాకటి 16.96 శాతం పక్కన పెట్టి చూడండి. అది వేస్ట్‌ల్యాండ్, ఇది క్షీణత. పంట పండుతూనే సారం కోల్పోతున్న చేను రెండో లెక్కలోకి వస్తుంది, మొదటిదాంట్లోకి రాదు. రెంటినీ బంజరు అంటే ఆ చేను కనపడకుండా పోతుంది.

ప్రపంచ లెక్కలో క్షీణతను మూడు వైపుల నుంచి చూస్తారు. ఆచ్ఛాదన మారిందా, పచ్చదనం ఎదుగుదల తగ్గిందా, నేలలో సేంద్రియ కర్బనం తగ్గిందా. ఏ ఒక్కటి చెడినా ఆ నేల క్షీణించినట్టే. అయితే పచ్చదనం పెరిగింది కదా అని సంబరపడకూడదు. చెరువు గర్భంలో, గైరానులో సర్కారు తుమ్మ కమ్ముకుంటే పైనుంచి చూడటానికి పచ్చగానే ఉంటుంది. పశువుకు మేత పోయిందని చెప్పగలిగేది ఆ ఊరి కాపరి. ఇలాంటి చోట లెక్క సరిదిద్దుకోమని ఆ ప్రపంచ లెక్క మార్గదర్శకాల్లోనే రాసి ఉంది.

విజయవాడ నుంచి:
అందరికీ కృతజ్ఞతలు. మరి మానిటరింగ్‌కి పర్యవేక్షణ అని వేయనా? అనంతపురం వారి మాట విన్నాక అది అధికారి పైనుంచి అజమాయిషీ చేసినట్టుగా అనిపిస్తోంది.

గుంటూరు నుంచి:
పరిశీలన అనండి. ఏళ్ళ తరబడి ఆపకుండా చేసేది కాబట్టి మొదటిసారి నిరంతర పరిశీలన అని రాసి, తర్వాత ఒట్టి పరిశీలన చాలు.

సంగారెడ్డి నుంచి:
హైదరాబాద్ సార్, శిఖం గురించి మీరేం చెప్పలేదు. చెరువు నిండినప్పుడు నీళ్ళు, నీళ్ళు వెనక్కి పోయినంక అదే చోట పంట వేస్తారు. మీ ఎనిమిది తరగతుల్లో ఎక్కడ పెట్టాలి?

హైదరాబాద్ నుంచి:
ఒక్క రోజు తీసిన చిత్రంతో పెట్టలేం. అందుకే ఖరీఫ్, రబీ, వేసవి మూడు కాలాల చిత్రాలూ చూసి ఏడాదికి ఒక పటం చేస్తారు. ఎనిమిది తరగతుల పద్ధతిలో నీరు ఏడాదిలో ఎన్నాళ్ళు నిలుస్తుందన్నది కూడా ఒక ప్రశ్నే. పాఠంలో మాత్రం శిఖం అనే మాటను అలాగే ఉంచి, కింద ఒక వాక్యంలో ఏ నెలలో ఏముంటుందో రాయండి. కోస్తా పిల్లలకు ఈ మాట కొత్తగా ఉంటుంది, అయినా ఉంచండి.