తూర్పు యూరప్ దేశం కానిది ఏది? కీ తప్పా, నేను తప్పా?

గ్రూప్స్ అభ్యర్థి:
మొన్న ఆన్‌లైన్‌లో రాసిన మాక్ టెస్టులో ఒక బిట్ వచ్చింది. "కింది వాటిలో తూర్పు యూరప్ దేశం కానిది ఏది? బల్గేరియా, చెక్ రిపబ్లిక్, ఎస్తోనియా, ఉక్రెయిన్." ఐక్యరాజ్యసమితి జాబితాలో ఎస్తోనియా ఉత్తర యూరప్ కింద ఉందని నోట్సులో రాసుకున్నాను, అదే పెట్టాను. కీలో చెక్ రిపబ్లిక్ అని ఇచ్చారు. "అది మధ్య యూరప్" అని ఒక్క ముక్క వివరణ. మార్కు పోయింది, పైగా నెగెటివ్ పడింది. అసలు పరీక్షలో ఇలాంటిదే వస్తే ఏం పెట్టాలండీ? రెండు రోజులుగా ఇదే టెన్షన్.

భూగోళం మాస్టారు:
నువ్వు పెట్టిందే కరెక్టమ్మా. ఐక్యరాజ్యసమితి గణాంక విభాగం యూరప్‌ను నాలుగు భాగాలు చేసింది. తూర్పులో 10 దేశాలు: రష్యా, ఉక్రెయిన్, బెలారస్, మోల్డోవా, పోలండ్, చెక్, స్లొవేకియా, హంగరీ, రొమేనియా, బల్గేరియా. బాల్టిక్ దేశాలైన ఎస్తోనియా, లాత్వియా, లిథువేనియా ఉత్తరంలో ఉన్నాయి. మధ్య యూరప్ అనే గడే అందులో లేదు. పోటీ పరీక్షకి ఏదో ఒక ప్రామాణికం ఉండాలి కదా, దీన్నే పట్టుకో. మిగతా వాదనలన్నీ పరీక్ష అయ్యాక చూసుకోవచ్చు.

ప్రాగ్‌లో ఎనిమిదేళ్లుగా:
మాస్టారూ, జవాబు వరకు మీతో ఏకీభవిస్తాను. కానీ దాన్ని పిల్లలకి ప్రామాణికం అని చెప్పడమే నాకు నచ్చలేదు. ఆ జాబితా కిందే ఒక మాట ఉంటుంది: ఈ విభజన గణాంకాల సౌలభ్యం కోసమే, దీన్నిబట్టి ఏ దేశపు రాజకీయ సంబంధాలనూ ఊహించుకోవద్దని. వాళ్లే అంత స్పష్టంగా చెప్పుకున్నాక దాన్ని భూగోళ సత్యంలా బట్టీ పట్టించడం ఎందుకు?

ఇంకో సంగతి. అదే ఐక్యరాజ్యసమితిలో పదవుల ఎన్నికలకి దేశాల గ్రూపులు వేరేగా ఉంటాయి. అక్కడ ఎస్తోనియా తూర్పు యూరప్ గ్రూపులోనే ఉంది. పశ్చిమ యూరప్, ఇతర దేశాల గ్రూపులో ఆస్ట్రేలియా, కెనడా, న్యూజిలాండ్ కూడా కనిపిస్తాయి. ఒకే సంస్థ, రెండు పనులు, రెండు జాబితాలు. "ఐక్యరాజ్యసమితి ప్రకారం" అని ప్రశ్నలో ఉన్నా, ఏ జాబితా అని అడగాల్సిందే.

ఇక దిక్కుల సంగతి. చెక్ రాజధాని ప్రాగ్‌లో రైలెక్కితే బ్ర్నో మీదుగా దాదాపు నాలుగు గంటల్లో ఆస్ట్రియా రాజధాని వియన్నాలో దిగుతాం. మొదటిసారి వెళ్లినప్పుడు ఫోన్‌లో మ్యాప్ తెరిచి పెట్టుకున్నాను. నీలి చుక్క ఆగ్నేయానికి జరుగుతూ పోయింది. అంటే "తూర్పు యూరప్"లో బయల్దేరి, మరింత తూర్పుకి ప్రయాణం చేసి, "పశ్చిమ యూరప్"లో దిగాను! ప్రాగ్ 14.4 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద ఉంటే వియన్నా 16.4 మీద ఉంది. ఏథెన్స్ 23.7. అయినా గ్రీస్‌ను ఎవరూ తూర్పు అనరు.

తూర్పు, పశ్చిమ యూరప్‌ల మధ్య ఈ గీత 1945 తర్వాత సైన్యాలు ఆగిన చోట పడింది. 1946 మార్చిలో బ్రిటన్ మాజీ ప్రధాని చర్చిల్, సోవియట్ పట్టులోని యూరప్‌ను మిగతా యూరప్ నుంచి వేరుచేసే ‘ఇనుప తెర’ గురించి అమెరికాలోని ఫుల్టన్‌లో మాట్లాడినప్పుడు తెర అవతలి నగరాల్లో వియన్నా పేరు కూడా చదివాడు. 1955లో ఒప్పందం కుదిరి సోవియట్ సేనలు వెళ్లిపోయాయి కాబట్టి ఆస్ట్రియా ఇవాళ ఏ జాబితాలోనూ తూర్పు కాదు. ప్రాగ్‌లో 1948 నుంచి 1989 దాకా కమ్యూనిస్టు పాలన సాగింది, ఆ ముద్ర ఉండిపోయింది. ఇక్కడ నా పక్క సీటాయన ముందు తూర్పు యూరప్ అని నోరు జారితే ఆగి, మెల్లగా, "మధ్య" అని సరిదిద్దుతాడు. ప్రతిసారీ సరిదిద్దుతాడు. ఆయనకది గౌరవం సంగతి.

పాత గీత:
అన్నా, గౌరవం సరే. కానీ ఆ నలభై ఏళ్లు జరగలేదనుకుంటే ఎలా? వార్సా ఒప్పందం (సోవియట్ నాయకత్వంలోని సైనిక కూటమి), ఒకే పార్టీ పాలన, ప్రభుత్వ కర్మాగారాలు, 1989 తర్వాత వచ్చిన కుదుపు... ఇవన్నీ ఈ దేశాలు కలిసే పడ్డాయి. తూర్పు యూరప్ అనే మాట లేకపోతే ఈ చరిత్రను ఒక్క పేరుతో ఎలా చెప్పాలి? పేరు నచ్చలేదని చరిత్రను వదులుకోలేం.

ప్రాగ్‌లో ఎనిమిదేళ్లుగా:
చరిత్ర చెప్పడానికి వాడండి తమ్ముడూ, నేనూ వాడతాను. అప్పుడు మరి ఒకప్పటి తూర్పు జర్మనీలోని డ్రెస్డెన్ నగరాన్ని ఎందుకు వదిలేస్తారు? తూర్పు జర్మనీ కూడా వార్సా ఒప్పందంలోదే. 1990 అక్టోబర్ 3న రెండు జర్మనీలు ఒకటయ్యాయి, డ్రెస్డెన్ తెల్లారేసరికి పశ్చిమ యూరప్ అయిపోయింది. ప్రాగ్ మీదుగా పారే వ్లతావా నీళ్లు ఎల్బేలో కలిసి ఆ ఊరి మీదుగానే పోతాయి. అదే నది, అదే గతం, గడి మాత్రం వేరు. ఇంకా డబ్బే కొలత అంటారా, కొనుగోలు శక్తి లెక్కన తలసరి ఆదాయంలో చెక్ రిపబ్లిక్ గ్రీస్‌నూ పోర్చుగల్‌నూ దాటి ఏళ్లయింది.

టాలిన్ విద్యార్థిని:
నేను ఎస్తోనియాలో మాస్టర్స్ చేస్తున్నాను. ఇక్కడ ఒకటి, రెండు, మూడు అంటే యుక్స్, కాక్స్, కొల్మ్. ఓడెక్కి రెండు గంటల్లో ఫిన్లాండ్ రాజధాని హెల్సింకీ చేరితే అక్కడ యుక్సి, కాక్సి, కొల్మె. మన మూడు, కన్నడ మూరు ఉన్నట్టే. 1999లో అప్పటి ఎస్తోనియా విదేశాంగ మంత్రి ఇల్వెస్ మాది నార్డిక్ దేశమని, అంటే స్వీడన్, ఫిన్లాండ్‌ల కోవలోదని, స్టాక్‌హోమ్‌లో ప్రసంగించారు. అలాగని వీళ్లని ఉత్తరంలో రాస్తే సోవియట్ కాలం మాసిపోదు. మా హాస్టల్ కిటికీలోంచి చూస్తే ఆ కాలపు అపార్ట్‌మెంట్లు వరసగా కనిపిస్తాయి. లిఫ్టులో పెద్దవాళ్లు రష్యన్‌లో మాట్లాడుకుంటారు. నాకైతే రెండు గళ్లూ నిజమే అనిపిస్తాయి.

భూగోళం మాస్టారు:
ఎన్నికల గ్రూపుల సంగతి నా క్లాసులో ఎప్పుడూ చెప్పలేదు, ఇకనుంచి చెప్తాను. అమ్మా, నువ్వు అబ్జెక్షన్ పెట్టు. "ప్రశ్నలో ఏ వర్గీకరణ ప్రకారమో లేదు, గణాంక విభాగం జాబితాలో చెక్ తూర్పు, ఎస్తోనియా ఉత్తరం" అని రెండు వాక్యాలు చాలు. కీ రాసినవాళ్లు మధ్య యూరప్ అనే గడి పెట్టుకుంటే, వాళ్ల లెక్కలో బాల్టిక్ దేశాలు ఎక్కడున్నాయో కూడా చెప్పాలి.

గ్రూప్స్ అభ్యర్థి:
ఇప్పుడే పెట్టాను మాస్టారూ. నోట్సులో ఆ పేజీ చింపేసి మళ్లీ గీసుకున్నాను: దేశం పేరు, గణాంకాల్లో ఎక్కడ, ఎన్నికల గ్రూపులో ఎక్కడ, అక్కడివాళ్లు ఏమంటారు. సైప్రస్ దగ్గర ఆగిపోయాను. గణాంకాల్లో పశ్చిమ ఆసియా, ఎన్నికలకి ఆసియా-పసిఫిక్ గ్రూపు, 2004 నుంచి యూరోపియన్ యూనియన్ సభ్యదేశం. నాలుగో గడిలో ఏం రాయాలి? అక్కడ ఉన్నవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి.