హైస్కూల్లో ఒక్కటే పీఈటీ (వ్యాయామ టీచర్) పోస్టు ఉంటే మేడమ్‌కి ఇవ్వకూడదా?

రాయగడ నాన్న: ఇక్కడ ఒడిశాలో మా అబ్బాయి స్కూల్లో డ్రిల్లు మాస్టారు రిటైరయ్యారు. ఆయన స్థానంలో మేడమ్ వచ్చారు. తల్లిదండ్రుల మీటింగ్‌లో కొందరు "తొమ్మిది, పది చదివే మగపిల్లలు ఆవిడ మాట వింటారా?" అన్నారు. మీరేమంటారు?

గుణుపురం నుంచి ఒకరు: వినరనే అనుకుంటున్నాను. ఆవిడ మీద గౌరవం లేక కాదు. ఉన్నది ఒక్క పోస్టు. ఆవిడ ఆడపిల్లల టీమ్‌తో వెళ్తే మగపిల్లల్ని ఎవరు చూస్తారు?

పర్లాకిమిడి పీఈటీ: అన్నయ్యా, ఆ పోస్టులో మాస్టారు ఉన్నన్నాళ్లూ ఆడపిల్లల్ని ఎవరు చూస్తారని ఎవరూ అడగలేదు. లెక్కల మేడమ్‌నో, ఒడియా మేడమ్‌నో తోడిచ్చి పంపేవారు. అప్పుడు కుదిరింది ఇప్పుడెందుకు కుదరదు?

నేను బీపీఈడీ (వ్యాయామ విద్య డిగ్రీ) చేసి 12 ఏళ్లుగా ఈ పనిలో ఉన్నాను. చేరిన కొత్తలో ఒక స్పోర్ట్స్ మీట్‌కి తెల్లారకముందే వెళ్లి, తాడు పట్టి, ముగ్గుపిండితో కబడ్డీ కోర్టు గీశాను. బోనస్ లైనుతో సహా అన్నీ నేను కొలిచినవే. తీరా ఆట మొదలయ్యే వేళకి ఈల వేరే స్కూలు మాస్టారికిచ్చి, నన్ను బహుమతుల పళ్లెం పట్టుకోమన్నారు. మరుసటేడూ అంతే. తర్వాత రిఫరీల జాబితాకి పేరిస్తే "అనుభవం లేదు కదమ్మా" అన్నారు. ఈల ఇవ్వకుండా అనుభవం ఎలా వస్తుంది? ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ కడుపు రగిలిపోతుంది.

మగపిల్లలు మొదటి వారం వినరు, నిజమే. వాళ్లతో కోర్టులోకి దిగి పట్టు ఎలా పట్టాలో చూపించాక వింటారు.

2009 విద్యాహక్కు చట్టం ప్రకారం ఆరు నుంచి ఎనిమిది తరగతుల్లో 100 మందికి మించి పిల్లలుంటే వ్యాయామ విద్యకి పార్ట్‌టైమ్ బోధకులు ఉండాలి. మగవాళ్లే ఉండాలని అందులో లేదు. మన పక్క శ్రీకాకుళం జిల్లా ఆడపిల్ల కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీలో వెయిట్‌లిఫ్టింగ్‌లో మొత్తం 240 కిలోలు ఎత్తి, ఒలింపిక్ పతకం తెచ్చిన తొలి భారత మహిళ అయింది. ఆమె గురించి క్లాసులో గర్వంగా చెప్పే మనమే, గ్రౌండ్‌కి మేడమ్ వద్దంటే పిల్లలకి ఏం అర్థమవుతుంది?

గుణుపురం: రిఫరీ విషయంలో మీకు జరిగింది అన్యాయమేనమ్మా. కానీ రాత్రి బస ఉన్న క్యాంపులకి మగపిల్లల వెంట ఒక్క మేడమ్‌ని పంపడానికి నాకింకా మనసొప్పడం లేదు.

పర్లాకిమిడి పీఈటీ: ఒక్కదాన్నే పంపమనడం లేదు అన్నయ్యా. తోడు ఒక మాస్టారిని పంపండి. ఎంట్రీ ఫారంలో కోచ్ అన్నచోట మాత్రం నా పేరు రాయండి.