కానిస్టేబుల్ ఈవెంట్స్ ప్రాక్టీస్‌కు రన్నింగ్ షూ: ఎట్లా చూసుకోవాలి, ఎక్కడ కొనాలి?

ప్రశ్న:
అందరికీ నమస్తే. మాది నకిరేకల్ దగ్గర పల్లె. కానిస్టేబుల్ ఈవెంట్స్ (పరుగు లాంటి దేహదారుఢ్య పరీక్షలు) కోసం నల్గొండలో రూమ్ తీసుకొని ప్రాక్టీస్ చేస్తున్నా. పొద్దున మేకల అభినవ్ స్టేడియంలో, సాయంత్రం రూమ్ దగ్గరి తారు రోడ్డు మీద ఉరుకుతున్నా. కాలేజీకి వేసుకున్న షూ అడుగున అరిగిపోయింది. ఈ మధ్య మోకాలి కింద ముందు ఎముక వెంబడి నొప్పి వస్తోంది. బడ్జెట్ 2,500. ఏ బ్రాండ్ మంచిది అన్నా? ఆన్‌లైన్‌లో ఆఫర్ ఉంది, తీసుకోనా?

జవాబు:
తమ్ముడూ, ముందు నొప్పి సంగతి చూద్దాం. పరుగు ఒక్కసారిగా పెంచడం, గట్టి రోడ్డు, అరిగిన షూ కలిస్తే చాలామందికి అక్కడే పట్టేస్తుంది. ఎముక మీద వేలితో నొక్కి చూడు. పొడవునా కొద్దికొద్దిగా నొప్పి ఉంటే తారు రోడ్డు మానేసి, మట్టి గ్రౌండ్‌లో సగం దూరమే ఉరుకు. అలా కాకుండా ఒక్క చోట వేలు పెట్టగానే ప్రాణం పోయినట్టున్నా, రాత్రి పడుకున్నప్పుడు కూడా సలుపుతున్నా పరుగు ఆపేసి ఎముకల డాక్టర్‌కు చూపించుకో. ఎముకలో సన్నటి పగులు వచ్చినా ఇట్లాగే ఉంటుంది. అది షూ మార్చితే తగ్గేది కాదు.

ఇక బ్రాండ్ గురించి. ఆసిక్స్ అయినా నివియా అయినా నీ పాదానికి పట్టకపోతే దండగే. అందుకే మొదటి జత ఆన్‌లైన్‌లో వద్దు, కాలికి వేసుకొని చూసే కొను. సాయంత్రం పో, అప్పటికి పాదాలు కాస్త ఉబ్బి ఉంటాయి. ప్రాక్టీస్‌లో వేసుకునే సాక్సే తొడుక్కో. రెండు పాదాలు సమానంగా ఉండవు, పెద్దదాన్ని బట్టి సైజు తీసుకో. నిలబడితే పొడవైన వేలికీ షూ కొసకీ మధ్య బొటనవేలి వెడల్పంత ఖాళీ ఉండాలి. మడమ మాత్రం కదలకూడదు. మామూలు చెప్పుల సైజు 8 అయితే రన్నింగ్ షూ 9 పట్టినా ఆశ్చర్యపోకు.

తర్వాత షూ చేతిలో పట్టుకొని వంచు. వేళ్లు వంగే దగ్గర వంగాలి. నడిమికి మడత పడితే అది పరుగుకు పనికిరాదు. మడమ వెనక భాగాన్ని రెండు వేళ్లతో నొక్కితే గట్టిగా నిలబడాలి. బ్యాడ్మింటన్ షూ, అడుగు చదునుగా ఉండే క్యాన్వాస్ షూ చూడటానికి బాగున్నా 1600 మీటర్ల ప్రాక్టీస్‌కు వద్దు. అడుగులో గట్టి కార్బన్ పలక పెట్టే ఖరీదైన పందెం షూ కూడా నీకు అక్కర్లేదు. తెలంగాణ 2022 నోటిఫికేషన్‌లో మగవాళ్లకు 1600 మీటర్లకు 7 నిమిషాల 15 సెకన్లు ఇచ్చారు. అంటే 400 మీటర్ల ట్రాక్ మీద రౌండుకు దాదాపు 1 నిమిషం 48 సెకన్లు. దానికి కాస్త మెత్తటి అడుగున్న, బరువు తక్కువగా ఉన్న సాదా రన్నింగ్ షూ చాలు.

ఆఫర్ అంటే డబ్బా మీద తయారైన నెల, సంవత్సరం చూడు. ఏళ్లతరబడి గోడౌన్‌లో పడి ఉన్న షూకు జిగురు వదులుతుంది, అడుగు గట్టిపడుతుంది. రోడ్డు పక్కన ‘ఫస్ట్ కాపీ’ అని అమ్మే నకిలీ బ్రాండ్ షూల జోలికి అసలే పోకు.

నల్గొండలో గడియారం సెంటర్ చుట్టుపక్కల షాపుల్లో ముందు అడుగు. దొరక్కపోతే హైదరాబాద్ బస్సెక్కి ఎల్బీనగర్‌లో దిగితే, దిల్‌సుఖ్‌నగర్ దాకా వరుసగా షోరూములున్నాయి. ఒక ఆదివారం పోతుంది, పోనీ.

ఇంకో జవాబు:
మాది మహబూబ్‌నగర్. మా వైపు వాళ్లకు హైదరాబాద్ పోయే దారిలోనే శంషాబాద్‌లో డెకథ్లాన్ అనే పెద్ద ఆటసామాన్ల షాపు ఉంది. అక్కడ షాపులోనే నాలుగడుగులు ఉరికి చూసుకోవచ్చు, ఎవరూ ఏమీ అనరు. ఈవెంట్స్‌కు తయారయ్యే చెల్లెళ్లకు ఒక మాట. చిన్న షాపుల్లో ఆడవాళ్ల రన్నింగ్ షూ తక్కువ, మగవాళ్ల చిన్న సైజు చేతిలో పెడతారు. దాంట్లో మడమ జారుతూ ఉంటే వద్దనండి. కొద్దిగానే జారితే లేసుతో సరిచేయొచ్చు. చాలా షూలకు చీలమండ దగ్గర, పైన చివర్లో అదనంగా ఒక రంధ్రం ఉంటుంది. లేసును అదే వైపు ఆ రంధ్రంలోకి దూర్చి చిన్న ఉచ్చులా వదిలి, రెండో వైపు కొసను ఆ ఉచ్చులోంచి లాగి కట్టండి. మడమ కదలదు, పాదం పైన బిగుతూ ఉండదు.

ప్రశ్న అడిగినతను:
థాంక్స్ అన్నా, థాంక్స్ అక్కా. కొత్త షూ ఈవెంట్ రోజు కోసం దాచుకోవాలా?

జవాబు:
దాచుకోకు. కొనగానే తేలిక పరుగులతో మొదలుపెట్టి, ఈవెంట్‌కు కనీసం రెండు మూడు వారాల ముందు నుంచి అదే షూతో టైమింగ్ చూసుకో. లేకపోతే బొబ్బలొస్తాయి. వానలో తడిస్తే లోపల పాత పేపర్లు కుక్కి నీడలో ఆరబెట్టు, పొయ్యి దగ్గర పెట్టకు. 500 నుంచి 800 కిలోమీటర్లు తిరిగాక పైకి బాగానే కనిపించినా లోపలి మెత్తదనం పోయి ఉంటుంది, అప్పుడు మార్చు. నొప్పి ఎట్లా ఉందో వారం తర్వాత ఇక్కడే రాయి తమ్ముడూ.