26 గంటలైంది, ఇంకా సోలోకు పంపలేదు, ఏం చేయమంటారు?

దేవరకొండ నుంచి వచ్చిన తమ్ముడు:
అన్నలకు, అక్కలకు నమస్తే. ఫ్లయింగ్ ట్రైనింగ్ కోసం టెక్సాస్ వచ్చి మూడు నెలలైంది. 26 గంటలు ఎగిరాను, ఇంకా సోలోకు, అంటే ఇన్‌స్ట్రక్టర్ లేకుండా ఒంటరిగా ఎగరడానికి, పంపలేదు. నాతో చేరినవాళ్లు ఎప్పుడో పోయారు. నాకు ల్యాండింగ్ దగ్గరే తేడా కొడుతోంది. ఇంటి దగ్గర రెండెకరాలు అమ్మి పంపారు, రాత్రి నిద్ర పడుతలేదు. ఖర్చు ఇంకా పెరగకముందే మానేసి వచ్చేయాలా?

పాలమూరు అక్క:
తమ్ముడూ, ఫ్లయింగ్ సంగతి తెలిసినవాళ్లు చెబుతారు, నేను కాగితాల సంగతి చెబుతా. ఎం-1 వీసా (ఇట్లాంటి వృత్తి ట్రైనింగ్‌కు ఇచ్చేది) మీద వచ్చి ఉంటే, ఇక్కడే ఉండి ఎఫ్-1కి (కాలేజీ చదువుల వీసా) మారడం కుదరదు, ఎవరన్నా మారుస్తామంటే నమ్మకు. మా తమ్ముడు ఇట్లాగే ఇక్కడ నేర్చుకుని పోయాడు. ఇక్కడి లైసెన్స్ పట్టుకుని పోగానే ఇండియాలో విమానం ఇవ్వరు, డీజీసీఏ (అక్కడ పైలట్ లైసెన్స్‌లు ఇచ్చే ప్రభుత్వ సంస్థ) పరీక్షలు రాయాలి, క్లాస్ వన్ మెడికల్ అనే ఆరోగ్య పరీక్ష పాసవ్వాలి. పుస్తకాలు ఇప్పుడే తెరువు. వర్షం పడి ఎగరని రోజులు ఊరికే పోనీయకు.

హాలియా అన్న:
తమ్మీ, మానేయకు.

సోలోకు ఇన్ని గంటలని రూలేమీ లేదు. ప్రైవేట్ లైసెన్స్‌కు కనీసం 40 గంటలు అని రాసి ఉంటుంది గానీ చాలామందికి అంతకంటే ఎక్కువే పడుతుంది. నేను సోలోకు పోయింది 31 గంటలకు. ఇప్పుడు రీజనల్ జెట్ (దగ్గరి ఊళ్ల మధ్య తిరిగే చిన్న ప్యాసింజర్ విమానం) నడుపుతున్నా, నీకు సోలో ఎన్ని గంటలకు అయిందని నన్ను ఇంతవరకు ఎవరూ అడగలేదు.

ల్యాండింగ్ సంగతికి వస్తే, నేల దగ్గరపడగానే నీ కళ్లు ఎక్కడుంటున్నాయో చూసుకో. విమానం ముక్కు కింద ఉరుకుతున్న తారు వైపు చూస్తున్నావేమో, భయంలో అందరం చేసేదే అది, అక్కడ చూస్తే ఎంత ఎత్తులో ఉన్నామో తెలియదు. చూపు రన్‌వే చివరికి పంపు. పవర్ తీసేశాక విమానాన్ని నేల మీద పెట్టాలని చూడకు, దిగనీయను, ఇంకా దిగనీయను అన్నట్టు యోక్‌ను (చేతిలో ఉండే స్టీరింగు) కొంచెం కొంచెంగా వెనక్కి తీసుకుంటూ ఉండు, స్పీడ్ అయిపోయి అదే కూర్చుంటుంది. కుదరలేదనిపిస్తే మొహమాటం లేకుండా పవర్ పెట్టి మళ్లీ చుట్టి రా, అది తప్పేమీ కాదు.

ఇంకోటి, మధ్యాహ్నం స్లాట్లు తీసుకుంటున్నావా? టెక్సాస్ ఎండ మన నల్లగొండ ఎండలాంటిదే. వేడి గాలి పలుచన, రెక్కకు పట్టు దొరకదు, ఇంజన్‌కు బలం తగ్గుతుంది. పైగా దున్నిన బీడు మీదికి రాగానే గాలి పైకి తంతుంది, చెరువు మీదికి రాగానే కిందికి జారుస్తుంది, ఫైనల్‌లో, అంటే రన్‌వేకు ఎదురుగా దిగే చివరి దారిలో, ఈ రెండూ ఒకదాని వెనక ఒకటి తగిలితే కొత్తవాడు ఏం నేర్చుకుంటాడు? పొద్దున ఆరున్నర స్లాట్ అడుగు, నిద్ర తర్వాత పోవచ్చు.

ఆ పొద్దున పూట ఉంది చూశావూ, నేను ఇందులో ఉన్నది దానికోసమే. రెక్కల మీద మంచు తడి ఉంటుంది, చేత్తో తుడిస్తే చల్లగా మోచేతి దాకా కారుతుంది. ట్యాంకు కింద నుంచి గ్లాసులోకి కొంచెం పెట్రోలు తీసి ఆకాశానికి ఎత్తి చూస్తాం కదా, లేత నీలంగా ఉంటుంది, నీళ్లుంటే అడుగున గోళీలా నిలబడతాయి. నేను అది హడావుడిగా ఎప్పుడూ చూడలేదు. గాలి ఎటుందో చూపే గుడ్డ గొట్టం, అదే విండ్‌సాక్, చూసినప్పుడల్లా మా నాయనమ్మ గుర్తొస్తుంది. కల్లంలో వడ్లు తూర్పారబట్టేముందు గుప్పెడు పొట్టు పైకి విసిరి, అది ఎటు పోతే దాన్ని బట్టి చాట పట్టుకునేది. గాలి ఎటుందో చూడనిదే పని మొదలుపెట్టకపోవడం నేను ఆమె దగ్గరే నేర్చుకున్నా.

తర్వాత టేకాఫ్. చక్రాల గడగడ సీట్లోంచి వెన్నుకు తెలుస్తూ ఉంటుంది, 55 నాట్ల (గంటకు సుమారు వంద కిలోమీటర్లు) దగ్గర యోక్ కొంచెం లాగుతావు, ఆ గడగడ ఒక్కసారిగా ఆగిపోతుంది. ఇంజన్ అరుస్తూనే ఉంటుంది, అయినా నిశ్శబ్దంగా అనిపిస్తుంది. వేల గంటలు ఎగిరాను, ఆ క్షణం నాకు ఇంకా పాతబడలేదు. నీ సోలో రోజు పక్క సీటు ఖాళీగా ఉంటుంది, ఒక మనిషి బరువు తగ్గినందుకు విమానం తొందరగా పైకి లేస్తుంది, కంగారుపడకు. దిగాక చొక్కా వెనక ముక్క కత్తిరిస్తారు, పాతది వేసుకుని పో.

డబ్బు మాట. ఫీజు మొత్తం ముందే కట్టొద్దు, ఎగిరినంతకే కట్టు. నేను చేరిన మొదటి స్కూల్‌లో అంతా ఒకేసారి కట్టాను, నాలుగో నెలలో తలుపులకు తాళం పడింది, పైసా తిరిగి రాలేదు. ఆ బాధ నీకొద్దు.

రెండెకరాల సంగతి నాకు తెలుసు, మా నాయిన బత్తాయి తోట అమ్మి పంపాడు. నాకు లైసెన్స్ వచ్చి కొన్నేళ్లయ్యాక ఆయన ఇక్కడికి వచ్చినప్పుడు సెస్నా అనే చిన్న విమానంలో పక్కన కూర్చోబెట్టుకుని తిప్పాను. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు, భయపడుతున్నాడేమో అనుకున్నా. మూడు వేల అడుగుల మీద అద్దానికి నుదురు ఆనించి కిందికి చూస్తూ, "ఎవరి చేనో గానీ గట్లు మంచిగ పెట్టిండ్రు" అన్నాడు. మళ్లీ కొంచెం సేపటికి, "నువ్వు రోజూ ఇది చూస్తవా?" అని అడిగాడు. ఔననగానే నా మోకాలి మీద చెయ్యి వేసి, దిగేదాకా తీయలేదు.

నువ్వు డాలస్ చుట్టుపక్కల ఉంటే ఏ ఎయిర్‌పోర్టో నాకు విడిగా రాయి. ఈ శనివారం నాకు డ్యూటీ లేదు. పొద్దున్నే వస్తా, కంచె దగ్గర నిలబడి నీ ల్యాండింగులు చూస్తా, తర్వాత టిఫిన్ చేస్తూ మాట్లాడుకుందాం. ఈ రాత్రి మాత్రం ఇంటికి ఫోన్ చేసి పడుకో.