తల్లి కనబడని పిల్లికూనలు: ఇంటికి తేవాలా, ఉన్నచోటే వదలాలా?

తూర్పువాకిలి:
సన్‌షేడ్ మీదో, మెట్ల కిందో కూనలు ఒంటరిగా కనబడితే వెంటనే ఇంటికి తెచ్చేయాలని కొందరు, వేలు కూడా పెట్టొద్దని కొందరు అంటున్నారు. నేను రెండో పక్షం. పాలిచ్చే తల్లి తిండి కోసం గంటల తరబడి తిరుగుతుంది. పైగా పిల్లల్ని ఒక్కొక్కటిగా నోట కరుచుకుని చోటు మారుస్తుంది. ఏడిళ్లు తిప్పుతుందని మనవాళ్లు ఊరికే అనలేదు. మీ కంటబడింది ఆ మార్పు మధ్యలో మిగిలిన కూన కావచ్చు. మనిషి వాసన తగిలితే తల్లి వదిలేస్తుందన్నది నిజం కాదు. కానీ మనిషి అక్కడే నిలబడితే అది దగ్గరికి రాదు. పొట్టలు గుండ్రంగా ఉండి, ఒకదాన్నొకటి హత్తుకుని నిద్రపోతున్నాయంటే తల్లి వస్తున్నట్టే. దూరంగా కిటికీలోంచి చూడండి. చుట్టూ బియ్యప్పిండి పలచగా చల్లితే అడుగుజాడలు కూడా తెలుస్తాయి.

ఉప్పుగల్లు:
పిండి మాత్రం వద్దండీ, చీమల్ని మనమే పిలిచినట్టవుతుంది. బొడ్డు ఆరని కూనకి చీమలు పట్టాయంటే కళ్ల చుట్టూ, బొడ్డు దగ్గరా కొరికేస్తాయి. తప్పదంటే ఎండిన ఇసుక చల్లండి.

ఇక గంటల తరబడి ఆగడమన్నది ఏ కాలంలో? మూడు వారాల లోపు కూన తన ఒంటి వేడిని తాను నిలుపుకోలేదు. వానకి తడిస్తే చల్లబడిపోతుంది, మే నెల మధ్యాహ్నం కాలే సిమెంటు మీద ఉడికిపోతుంది. ముట్టుకుంటే చల్లగా ఉన్నా, పొట్ట లోపలికి పోయినా, ఆగకుండా అరుస్తున్నా, ఒంటి మీద పురుగు కనబడినా ఇక తల్లి కోసం చూడకూడదు. తియ్యాల్సిందే.

తూర్పువాకిలి:
ఇసుక మాట ఒప్పుకుంటాను. ఆ గుర్తులున్న పిల్లని తియ్యాలన్నదీ నిజమే. కానీ పిల్ల బాగుండి ఎండ ఒక్కటే సమస్యయితే ఇంటికెందుకు? అట్టపెట్టెలో పాత నూలుగుడ్డ పరిచి, అదే గోడ పక్కన, రెండు మూడు గజాల లోపు నీడకి జరిపితే చాలు. అరుపు వినబడే దూరంలో ఉంటే తల్లి వెతుక్కుంటుంది. చీమలు రాకుండా వెడల్పాటి పళ్లెంలో వేలెడు లోతు నీళ్లు పోసి, మధ్య ఇటుకలు పేర్చి, వాటి మీద పెట్టె పెట్టండి. కూనలు పాకి బయటపడే వయసొస్తే నీళ్లు తీసేయాలి, లేకపోతే అందులో పడతాయి.

సన్నజాజి:
తెచ్చాక కూనలు పోయేది ఎక్కువగా మన తొందర వల్లే. చల్లగా ఉన్నదాన్ని చూడగానే పాలు పట్టేస్తారు. ఒళ్లు చల్లబడితే పేగులు కదలవు, మింగడం కూడా రాదు, పాలు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ముందు వెచ్చబెట్టాలి. వేడినీళ్ల సీసాకి తువ్వాలు రెండు చుట్లు చుట్టి పెట్టెలో ఒక పక్కనే ఉంచండి. వేడి ఎక్కువైతే పిల్ల అవతలికి జరగడానికి చోటుండాలి.

ఆవుపాలు, గేదెపాలు వద్దు. వాటిలోని లాక్టోజ్ అనే పాలచక్కెర అరగక విరేచనాలవుతాయి, అంత చిన్న ప్రాణానికి ఒక్కరోజు విరేచనాలే ఎక్కువ. పిల్లికూనల పాలపొడి దొరుకుతుంది. డబ్బా మీద రాసిన కొలతతో కలిపి, గోరువెచ్చగా, 100 గ్రాముల బరువుకి ఒక్కోసారి 4 మిల్లీలీటర్లు మించకుండా పట్టండి. మొదటి వారం రాత్రిళ్లు కూడా రెండు గంటలకోసారి. సూది తీసేసిన 1 మిల్లీలీటర్ సిరంజితో చుక్కచుక్కగా, పిల్లని బోర్లా ఉంచి తల కాస్త ఎత్తి పట్టాలి. పసిబిడ్డలా వెల్లకిలా పడుకోబెట్టి పడితే పొలమారుతుంది. ముక్కులోంచి పాలు వచ్చాయంటే వేగం ఎక్కువైనట్టు, వెంటనే ఆపండి. పాలు పట్టిన ప్రతిసారీ తడి దూదితో కింద మెల్లగా తుడిస్తేనే మూత్రం పోస్తుంది. తల్లి నాకి చేయించే పని అది.

రోజూ ఒకే వేళకి వంటింటి త్రాసులో తూయండి. రోజుకి 10 నుంచి 15 గ్రాములు పెరగాలి, పెరగకపోతే ఆ రోజే పశువైద్యుడి దగ్గరికి. ఇంత చాకిరీ ఉచితంగా చేసే తల్లి ఉండగా పిల్లల్ని విడదీయడం నాకూ ఇష్టం లేదు. కానీ ఎప్పటికీ వదిలేయమంటే ఒప్పుకోను. రెండో వారం నుంచి ఏడో వారం లోపే పిల్లి మనిషికి మచ్చికయ్యేది. అయిదో వారంలో తిండి అందుకోగానే తెచ్చుకోకపోతే ఆ పిల్లలకి ఇళ్లు దొరకడం కష్టం.

పెరటిగుమ్మం:
అయిదో వారం తొందరండీ. ఎనిమిది వారాల దాకా తల్లి దగ్గరే ఉంచి, అక్కడే రోజూ చేత్తో తిండి పెట్టి మచ్చిక చేయొచ్చు. మీ ముగ్గురూ పిల్లల గురించే మాట్లాడారు, తల్లి సంగతేంటి? పాలిస్తుండగానే మళ్లీ చూలు కట్టగలదు, తొమ్మిది వారాల్లో ఇంకో ఈత. పిల్లలు తిండికి అలవాటు పడగానే తల్లికి ఆపరేషన్ చేయించండి. ఎడమ చెవి కొన కత్తిరించి ఉంటే అదివరకే అయిందని గుర్తు.

బోనులో ఎండుచేప పెట్టి పట్టండి, ఒట్టి చేతులతో కాదు. కరిచినా, రక్కినా సబ్బుతో పారే నీళ్ల కింద 15 నిమిషాలు కడిగి, ఆ రోజే ఆసుపత్రికి వెళ్లండి. ప్రభుత్వాసుపత్రుల్లో చర్మంలోకి ఇచ్చే రేబిస్ టీకా 0, 3, 7, 28 రోజుల్లో వేస్తారు. నెత్తురు వచ్చిన గాయమైతే ఇమ్యునోగ్లోబులిన్ (టీకా పనిచేసేలోపు రేబిస్‌ని అడ్డుకునే ఇంజెక్షన్) సంగతి కూడా అడగండి.

ఉప్పుగల్లు:
ఎనిమిది వారాలంటే కుక్కలు తిరిగే సందులో ఎన్ని మిగులుతాయో కూడా లెక్కేయండి. గోడ ఎత్తున్న పెరడైతే మీ మాట, రోడ్డు పక్కనయితే సన్నజాజి గారి మాట.

తెచ్చేవాళ్లకి ఇంకొకటి. ఇంట్లో పిల్లి ఉంటే కొత్తవాటిని రెండు వారాలు వేరే గదిలో ఉంచండి, గిన్నెలూ వేరే. గదిని ఫినాయిల్‌తో తుడవొద్దు, పిల్లులకి అది విషం. పేలు, గోమార్లు ఉన్నాయని కుక్కల మందు రాయొద్దు, పెర్మెత్రిన్ అనే పురుగుమందు ఉన్నది పిల్లిని చంపేస్తుంది. సన్నపళ్ల దువ్వెనతో దువ్వి, దాన్ని సబ్బునీళ్లలో ముంచుతూ ఉండండి. జ్వరమనిపించినా పారాసిటమాల్ చుక్క కూడా వేయొద్దు.